ఆయనకు తెలిసిన ఇల్లు

చేతులెత్తినవాళ్ళలో ఫరంగీస్ ఆఖరిది. ఎత్తింది కూడా పూర్తిగా కాదు. మోచెయ్యి మోకాలి మీదనుంచి లేవకుండానే అరచెయ్యి మాత్రం పైకి తిప్పింది. హాజీ మురువ్వతీకి అది చాలింది.

"అయితే అందరం ఒకే మాట మీద ఉన్నాం," అంటూ ఆయన టీ గ్లాసుల పళ్ళెం ఆమె వైపు జరిపాడు. "తీసుకోండి ఖానుం, చల్లారిపోతుంది."

హాజీది కింది అంతస్తు. బజారులో గజ్ మిఠాయి దుకాణం ఉంది ఆయనకు. ఇల్లంతా కూడా పిస్తా, గులాబీనీళ్ళ వాసనే. ఆ సాయంత్రం బిల్డింగులోని వాళ్ళంతా గోడవారగా దిండ్లకు ఆనుకుని కూర్చున్నారు. పిలవనిది ఒక్క ఇంటినే. రెండో అంతస్తులో ఫరంగీస్ ఎదురిల్లు, సూదాబే వాళ్ళది. టీవీ మూగగా నడుస్తోంది. సముద్రంలో యుద్ధనౌకలు, తర్వాత ఏదో హోటలు మెట్లు దిగుతున్న దౌత్యవేత్తలు, మళ్ళీ నౌకలు.

"సూదాబే భర్త బడిపంతులని కదా చెప్పారు?" అంది ఫరంగీస్.

"ఏ బళ్ళో పంతులు నెలల తరబడి ఇంటికి రాకుండా ఉంటాడు ఖానుం? కర్టెన్లు వేసిన బస్సు ఎక్కుతుంటే మా బావమరిది కొడుకు కళ్ళారా చూశాడు. అక్కడికెళ్ళే బస్సు."

అక్కడ అంటే ఎక్కడో ఎవరూ అడగలేదు. కొండల అవతల, భూమి కింద ఉన్న కర్మాగారం పేరు ఇస్ఫహాన్‌లో ఎవరూ ఇంట్లో కూర్చుని పలకరు.

"చర్చలు తెగిపోతే బాంబులతో కొట్టడం ఖాయం అంటున్నారు," అన్నాడు మూడో అంతస్తు పళ్ళ డాక్టరు.

"అక్కడ మాత్రమే కొడితే మనకేం? కిందటిసారి ఏం చేశారో మర్చిపోయారా? పనిచేసేవాళ్ళ ఇళ్ళు వెతికి మరీ కొట్టారు. టెహ్రాన్‌లో ఒక్కడికోసం వేస్తే కింద ఉన్న మూడంతస్తులూ కూలాయి. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పోయారు." హాజీ గొంతు తగ్గించాడు. "సూదాబే వాళ్ళకు మనం శత్రువులం కాము. కానీ పిల్లలున్నవాళ్ళం."

"ఆవిడకీ పిల్ల ఉంది," అంది ఫరంగీస్.

డాక్టరు భార్య తివాచీ అంచుకున్న కుచ్చులను వేళ్ళతో దువ్వుతూ కూర్చుంది.

"ఈ ఏడాది బిల్డింగు పెత్తనం మీదే. ఇల్లు ఖాళీ చెయ్యమని మీరే చెప్పాలి," అన్నాడు హాజీ. "ఆడమనిషికి ఆడమనిషి చెబితే అదో తీరుగా ఉంటుంది. ఇల్లు దొరికేదాకా సామాన్లకు నా దుకాణం వెనక గది ఇస్తాను."

"సామాన్లకేనా?" అంది పై అంతస్తు షాకెరీ ఖానుం. ఒకప్పుడు హెడ్మాస్టరుగా చేసిన మనిషి, మాట పడనివ్వదు. కానీ అందరికంటే ముందు చెయ్యెత్తిందీ ఆవిడే.

ఫరంగీస్ మెట్ల మీదుగా పైకి వెళ్ళింది. లిఫ్టు ఎక్కడం ఆమె ఎప్పుడో మానేసింది. లిఫ్టు రెండో అంతస్తులో ఆగిన ప్రతిసారీ ఎదురింటి తలుపు సగం తెరుచుకుంటుంది. ఆ సగంలో సూదాబే కనిపిస్తుంది. దిగింది ఫరంగీస్ అని తెలియగానే "మీరా ఖానుం, రండి, టీ తాగి వెళ్దురుగాని" అని నవ్వుతుంది. ఆ నవ్వు రావడానికి ముందు ఆ ముఖంలో కనిపించేదాన్ని చూడలేక ఫరంగీస్ మెట్లు అలవాటు చేసుకుంది.

మర్నాడు పనిలో ఆమె చెయ్యి కుదరలేదు.

కలంకారీ అద్దకంలో నలుపు ముందు పడాలి, దాని తర్వాత ఎరుపు. దానిమ్మ తొక్కల నీళ్ళలో ముంచి ఆరబెట్టిన గుడ్డ బల్ల మీద పరిచి ఉంది. నల్లగీతల పూలు అప్పటికే పడి ఉన్నాయి. వాటి కడుపులో ఎరుపు నింపాలి. ఫరంగీస్ అచ్చును రంగుదిండు మీద ఒకసారి తేలిగ్గా ఆనించి తీసి, గుడ్డ మీద మూల చూసి పెట్టి, తోలుపట్టీ కట్టిన అరచేతితో దాని వీపున ఒక్కటి వేస్తుంది. దెబ్బ గట్టిగా పడితే రంగు పక్కలకు చిమ్ముతుంది, మెత్తగా పడితే పువ్వు పాలిపోతుంది. ఇన్నేళ్ళలో ఆ దెబ్బ గురించి ఆమె ఆలోచించిన రోజు లేదు. ఆ రోజు ఆలోచించింది. సైప్రస్ చెట్టు కింద వరసలో రెండు పువ్వులు నల్లగీత దాటి బయటికొచ్చాయి.

కార్ఖానా యజమాని ఉస్తాద్ వచ్చి వాటిని చూశాడు. ఆమె చేతిలోంచి అచ్చు తీసుకుని గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"నది దగ్గరికెళ్ళి రా ఫరంగీస్," అన్నాడు. "పైన ఆనకట్ట గేట్లు ఎత్తారట. సాయంత్రానికి ఖాజూ వంతెన దగ్గరికి నీళ్ళొస్తాయంటున్నారు. మా నాన్న రోజుల్లో ఈ గుడ్డలన్నీ ఆ నీళ్ళలోనే ఉతికేవాళ్ళం. ఇప్పుడు కుళాయి నీళ్ళతో ఉతికి, అద్దకం నిలవలేదంటే ఎవరిననాలి?"

ఇంటికొచ్చి ఫరంగీస్ తానే ఎదురింటి తలుపు తట్టింది. నది దగ్గరయితే చెప్పడం తేలికేమో అనుకుంది.

సగం ఊరు అక్కడే ఉంది. యుద్ధభయంతో పెట్రోలు బంకు ముందు కార్ల వరస వీధి చివరిదాకా పోయి ఉన్నా, దుకాణాల్లో డబ్బా చేపలు దొరకడం మానేసినా, జనం ఎండిన నదిలోకి దిగి నిలబడ్డారు. పగుళ్ళిచ్చిన నేల మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. ఒక పెద్దాయన సూటుబూటు వేసుకుని, పెళ్ళివారికి ఎదురెళ్ళేవాడిలా చేతిలో పూలు పట్టుకుని పశ్చిమానికి చూస్తున్నాడు.

నీళ్ళు అందరూ అనుకున్నట్టు ఉరకలేస్తూ రాలేదు. గోధుమరంగు నురగ ఒకటి ఎండుటాకుల్నీ చెత్తనీ నెట్టుకుంటూ, మనిషి నడకకంటే నెమ్మదిగా, పగులు పగులునూ నింపుకుంటూ పాకింది. జనం దానికి ముందు వెనక్కి వెనక్కి నడిచారు. సూదాబే కూతురు తర్లాన్, ఆరేళ్ళ పిల్ల, ఆ నురగకు కాలి బొటనవేలు అందించి తీసేసి, మళ్ళీ అందించి, తల్లివైపు చూసి నవ్వింది.

"నీళ్ళొచ్చాయంటే ఆయన ఆగేవారు కాదు," అంది సూదాబే. "బూట్లు చేత్తో పట్టుకుని దిగిపోయేవారు. పోయినసారి ఒకటి కొట్టుకుపోయింది. ఒంటి బూటుతో ఇంటిదాకా నడిచొచ్చారు. పైగా దార్లో అందరికీ సలాములు."

"ఫోను చేస్తారా?"

"చెయ్యకూడదు. ఎక్కడున్నారో అడగకూడదు. ఎప్పుడొస్తారో అడగకూడదు. వచ్చినప్పుడు ఏం చేస్తున్నారో అడగకూడదు. అవన్నీ తీసేస్తే ఇక అడగడానికేముంది ఖానుం, కూరలో ఉప్పు సరిపోయిందా అని తప్ప? అది అడగడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా."

నీళ్ళు వంతెన కమానుల్లోకి చేరాయి. లోపల ఎవరో పాట ఎత్తుకున్నారు. నీటి చప్పుడు, ఆ గొంతు రాళ్ళకు తగిలి కలిసిపోతున్నాయి. ఫరంగీస్ తల కండువా సర్దుకుంది.

"సూదాబే జాన్, నీతో ఒక మాట..."

"హాజీ గారింట్లో కూర్చున్నారు కదా నిన్న," అంది సూదాబే. చూపు నీళ్ళ మీదనుంచి తిప్పలేదు. "గుమ్మం బయట చెప్పులు చూశాను. అందరివీ ఉన్నాయి. మీవి కూడా."

ఫరంగీస్ తన చెప్పుల వైపు చూసుకుంది.

"మీరు చెప్పకండి. మీ నోటివెంట వినడం నాకిష్టం లేదు. నేనే వెళ్తాను." నీళ్ళు దగ్గరికొస్తే ఒక అడుగు వెనక్కి వేసింది. "వెతికాను కూడా. ఇల్లు చూపిస్తారు, కిటికీలు తెరుస్తారు, ఎండ బాగా పడుతుందంటారు. మీవారేం చేస్తారని అడుగుతారు. బడిపంతులంటాను. నాకు అబద్ధం చెప్పడం రాదు ఖానుం, ముఖంలోనే తెలిసిపోతుంది. ఇక ఎంత మర్యాదో. గుమ్మందాకా వచ్చి మరీ సాగనంపుతారు."

"ఎక్కడికెళ్తావు?"

"జవారేలో మా పిన్ని ఉంది. ఎడారి అంచున మట్టి ఊరు, అక్కడ కొట్టడానికేముంది? ఎక్కడికెళ్ళానో మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు."

ఫరంగీస్ తల ఊపింది. ఆ నమ్మకం తనకెందుకు ఇచ్చిందో ఆమెకు అర్థం కాలేదు.

వెళ్ళే రోజు పొద్దున సామాన్లు కిందికి దింపింది ఎవరో కాదు, హాజీయే. ఎవరూ అడక్కుండానే వచ్చి పెద్ద పెట్టె ఎత్తుకుని మెట్లు దిగాడు. నడుంనొప్పి మనిషి, ముఖం ఎర్రబడింది. తర్లాన్ చేతిలో గజ్ డబ్బా పెట్టి నెత్తిన ముద్దు పెట్టుకున్నాడు. ఆ పెట్టుకోవడంలో నటన లేదు. ఫరంగీస్‌ను ఎక్కువ బాధపెట్టింది అదే.

"మీ చేతికి నొప్పి రాకూడదు హాజీ గారూ," అంది సూదాబే ధన్యవాదంగా.

"నొప్పా, ఎంత మాట. మీ ఇల్లే అనుకోండి, పరిస్థితులు చక్కబడ్డాక..." అని ఆ మాట అక్కడే వదిలేశాడు.

కారు సందు తిరిగింది. ఆ సాయంత్రం డాక్టరు భార్య మొక్కు తీర్చుకున్నట్టు ఆష్ సూపు వండి ఇంటింటికీ పంచింది. అందరూ హాయిగా నిద్రపోతారనుకుంది ఫరంగీస్. కానీ మర్నాడు మెట్ల దగ్గర అవే బెదురు ముఖాలు కనిపించాయి. షాకెరీ ఖానుం కిటికీ అద్దాలకు అడ్డంగా టేపు అంటిస్తూనే ఉంది.

గురువారం పని ఒంటిపూటే. ఫరంగీస్ మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి రెండో అంతస్తు మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో ప్లాస్టిక్ సంచీ, అందులో బేరిపళ్ళు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. సూదాబే భర్త సియామక్ అని పోల్చుకోడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది. చొక్కా అతనిది కానట్టు వేలాడుతోంది.

"తాళం తీసి చూశాను ఖానుం," అన్నాడు. "ఎవరూ లేరు. స్టవ్వు ముట్టుకుంటే చల్లగా ఉంది."

"ఊరెళ్ళారు. జవారే, పిన్నిగారింటికి."

"ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?"

"లేదు, లేదు. అందరూ క్షేమమే."

"మరి?"

ఫరంగీస్ సంచీలోంచి తాళంచెవి తీసి, దాన్ని తిప్పి తిప్పి చూసింది. "ఇక్కడ కొంచెం భయం... అందరికీ..."

అతను ఆమెను చూశాడు. కింది అంతస్తు వైపు చూశాడు. పై అంతస్తు వైపు చూశాడు.

"అర్థమైంది," అన్నాడు. "ఈ బిల్డింగులో వేరే ఇంట్లో ఉండి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి."

ఆమెను అతను తిట్టి ఉంటే నిలబడగలిగేది. తలుపు తీసి లోపలికి రమ్మంది. అతను గుమ్మంలో బూట్లు విడిచి, వంటగదిలో అన్నిటికంటే దూరంగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. బస్సు ఇంకో గంటలో బయల్దేరుతుందట. మళ్ళీ ఎప్పుడని ఆమె అడిగితే చిన్నగా నవ్వాడు, అంతే.

"జవారే వెళ్ళిరావడానికి టైము చాలదు. పోనీ ఫోనులో మాట్లాడండి." ఆమె సంచీలోంచి ఫోను తీసింది.

అతను కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "నా గొంతు అందులోకి వెళ్ళకూడదు. నా గురించి కాదు ఖానుం. నా గొంతు ఏ ఇంట్లో వినబడితే ఆ ఇల్లు కూడా కొట్టేవాళ్ళకు తెలిసిపోతుంది."

ఫరంగీస్ సూదాబే నంబరు నొక్కి, శబ్దం గదంతా వినబడేలా పెట్టి, బల్ల మధ్యలో ఉంచింది. అతను మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగాడు.

"సలాం ఖానుం," అంది సూదాబే. వెనక కోళ్ళ చప్పుడు.

అతను కళ్ళు మూసుకున్నాడు.

"సలాం, సూదాబే జాన్. ఊరికే చేశాను. బాగున్నారా? ఏం వండావివాళ?"

"పప్పన్నం. ఏమైంది ఖానుం, అంతా బాగానే ఉందా? ఏమన్నా కొట్టారా?"

"లేదు, లేదు. పిల్ల తింటోందా?"

"తింటోంది. కోళ్ళ వెంట తిరుగుతోంది. ఇంటికెళ్దామని మాత్రం అడుగుతోంది."

ఫరంగీస్‌కు ఇంకేమడగాలో తోచలేదు. తనకు కావలసినవి ఏవీ లేవు అడగడానికి. తలెత్తి అతని వైపు చూసింది. అతను కుడి మోకాలు చేత్తో పట్టుకుని చూపించాడు.

"నీ మోకాలు ఎలా ఉంది? కుడిది?"

అవతల కోళ్ళ చప్పుడే వినబడింది. తన మోకాలి సంగతి సూదాబే ఫరంగీస్‌కు ఎన్నడూ చెప్పలేదు.

"బాగానే ఉంది," అంది చివరికి. గొంతు మారిపోయింది. "చలికి కొంచెం లాగుతుంది. ఉన్నిపట్టీ కట్టుకుంటున్నాను, మర్చిపోవడం లేదు." ఊపిరి తీసుకున్న చప్పుడు. "ఖానుం, మీరు సరిగ్గా తినడం లేదేమోనని నాకు బెంగగా ఉంటుంది. చిక్కిపోయి ఉంటారు."

"కొంచెం," అంది ఫరంగీస్.

"నాకు తెలుసు. పనిలో పడితే మీకు అన్నం గుర్తుండదు. నిద్రయినా పోండి. నీళ్ళొచ్చాయి నదిలో, చూశారుగా? తర్లాన్ కాళ్ళు తడుపుకుంది. నేను ఒడ్డునే ఉన్నాను. ఒక్కదాన్నే దిగబుద్ధి కాలేదు." కోళ్ళను అదిలించిన చప్పుడు. "మిమ్మల్ని ఎప్పుడు చూస్తానని అడగను. అడగకూడదు కదా."

సియామక్ పెదవులు కదిలాయి. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అంతలో ఫోను పిల్ల చేతిలోకి వెళ్ళింది. "ఫరంగీస్ ఖాలా, నాన్న వచ్చాడా?"

ఫరంగీస్ అతని వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

"రాలేదమ్మా," అంది. "వస్తే చెబుతాను."

అతను వెళ్ళడానికి లేచినప్పుడు బేరిపళ్ళ సంచీ బల్ల మీదే వదిలాడు. కుళాయి దగ్గర చాలాసేపు ముఖం కడుక్కున్నాడు. ఫరంగీస్ కోటు వేసుకుంది.

"మీరెక్కడికి?"

"బస్సుదాకా వస్తాను."

"నా పక్కన నడవకండి ఖానుం. మంచిది కాదు."

ఆమె తలుపు తాళం వేసి అతనికంటే ముందు మెట్లు దిగింది. కింద హాజీ చేతిలో సంగక్ రొట్టెతో లోపలికి వస్తున్నాడు. సియామక్‌ను చూసి గోడకు అతుక్కుపోయాడు. ఆనక గుండె మీద చెయ్యి పెట్టుకుని, "సలాం అలైకుం ఇంజినీర్ గారూ, క్షేమమేనా," అన్నాడు. అలవాటు కొద్దీ వేడి రొట్టెలోంచి ఒక ముక్క తుంచి ఇద్దామని చెయ్యి సగం చాచి, ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాడు. సియామక్ ఆ ముక్క తీసుకున్నాడు. చౌరస్తాదాకా ఫరంగీస్ అతని పక్కనే నడిచింది. కర్టెన్లు వేసిన బస్సు వచ్చింది, అతను ఎక్కాడు, కర్టెన్లలో ఏదీ కదల్లేదు.

చర్చలు తెగిపోయిన కబురు శుక్రవారం పొద్దున టీవీలో వచ్చింది. నమాజు వేళకు ముందే హాజీ కారు పైకప్పు మీద పరుపులు కడుతున్నాడు.

"నాలుగు రోజులే," అన్నాడు ఫరంగీస్‌తో, తాడు ముడి చూసుకుంటూ. "పిల్లలు భయపడుతున్నారని. మొక్కలకు నీళ్ళు..." తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె ఏదైనా అంటుందేమోనని కాసేపు నిలబడ్డాడు కూడా. ఆమె దాన్ని జేబులో వేసుకుంది. డాక్టరు వాళ్ళు ఆయన వెనకే వెళ్ళారు. షాకెరీ ఖానుంను మనవడొచ్చి తీసుకుపోయాడు. ఫరంగీస్ తమ్ముడు తన దగ్గరికి రమ్మని షీరాజ్‌నుంచి ఫోను మీద ఫోను చేశాడు. ఆమె సరేనంది.

శనివారం ఆమె సంచీ సర్ది, టాక్సీ పిలిపించుకుని కిందికి దిగుతుంటే, మొదటి మలుపు దగ్గర సూదాబే ఎదురైంది. కుడికాలు ముందు వెయ్యకుండా, ఒక్కో మెట్టూ ఎడమకాలితో ఎక్కి ఆగుతోంది. వెంట పిల్ల లేదు.

"ఏంటిది?" అంది ఫరంగీస్. "ఊళ్ళోవాళ్ళంతా అటు పోతుంటే నువ్విటు వచ్చావేంటి?"

"తర్లాన్‌ను పిన్ని దగ్గర ఉంచాను."

"అది కాదు నేనడిగేది."

సూదాబే పెట్టె కింద పెట్టి, మెట్ల కమ్మీ పట్టుకుంది. "ఆయన ఎక్కడ కూర్చున్నారు?"

"మా వంటింట్లో. అంతకుముందు ఇక్కడ, ఈ మెట్ల మీద."

"చాలాసేపా?"

"నేనొచ్చేసరికే కూర్చుని ఉన్నారు. స్టవ్వు ముట్టుకుంటే చల్లగా ఉందన్నారు."

ఆమె ఆ మెట్టును చూసింది. "జవారేలో నేను క్షేమంగా ఉంటాను, నిజమే. క్షేమంగా ఉండి ఏం చెయ్యను ఖానుం? ఆయనకు తెలిసిన ఇల్లు ఇదొక్కటే. ఆయన్ని వదిలిపెట్టినా, తానే పారిపోయినా, ఏమైనా, ఇక్కడికే వస్తారు. వచ్చి మళ్ళీ చల్లటి స్టవ్వు ముట్టుకుంటారా?" పెట్టె ఎత్తుకోబోయింది. "వీధి చివరినుంచే చూశాను, కార్లేవీ లేవు. ఇప్పుడు నావల్ల ఎవరికీ ప్రమాదం లేదు. మీరు కూడా వెళ్తున్నట్టున్నారు. దేవుడు తోడుండాలి."

కింద టాక్సీ హారన్ మోగింది. ఫరంగీస్ తన సంచీ అక్కడే మెట్టు మీద వదిలి, సూదాబే పెట్టె తీసుకుని రెండో అంతస్తుదాకా మోసింది. ఆనక కిందికి వెళ్ళి, ప్రయాణం లేదని టాక్సీ అతనితో చెప్పింది. అతను విసుక్కుంటే విసుక్కోనిచ్చింది. సందు చివర రొట్టెల దుకాణం ఇంకా తెరిచే ఉంది. వరసలో ఎవరూ లేరు.

ఆమె తిరిగి వచ్చేసరికి ఎదురింటి తలుపు బార్లా తీసి ఉంది. కిటికీలన్నీ తెరిచి సూదాబే దుప్పట్లు దులిపింది. స్టవ్వు మీద నీళ్ళు మరుగుతున్నాయి. బల్ల మీద పళ్ళెంలో గ్లాసులు మూడు కడిగి పెట్టి ఉన్నాయి. మూడోదాన్ని ఫరంగీస్ ఖాళీ కుర్చీ ముందుకు జరిపింది. కూర్చుని వేడి రొట్టె విప్పింది.